టైమ్ రోజూ 2018కి పోతా ఉంది, బయోస్ రీసెట్ చేస్తే నా ఫైళ్ళు పోతాయా?

బస్టాండ్_జెరాక్స్:

అందరికీ నమస్తే. తిరుపతి బస్టాండుకి దగ్గర్లో మాది చిన్న జెరాక్స్, ఆన్‌లైన్ షాపు. షాపులో వాడే ల్యాప్‌టాప్ పాతదే, ఆఫీసుల్లో వాడే రకం, సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నా, విండోస్ 10 ఉండాది. కంపెనీ పేరు ఎందుకులే.

సమస్య ఏమంటే పొద్దున షట్టర్ తీసి మెయిన్ వేసి ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద టైమ్ సెట్ కాలేదు, ఎఫ్1 నొక్కండి అని వస్తాది. నొక్కితే విండోస్‌లోకి పోతాది గానీ డేటు చూస్తే 2018 జనవరి 1. ఆ డేటుతో ఒక్క సైటు తెరుచుకోదు, మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు అని ఎర్రగా వస్తాది. మామూలు రోజుల్లో అయితే డేటు మార్చుకుని పని చూసుకుంటా, కానీ 300 రూపాయల దర్శనం టికెట్లు వదిలే రోజు పది గంటలకల్లా షాపు ముందర జనం నిలబడి ఉంటారు, మధ్యలో ఒక్కసారి కరెంటు పోయి వస్తే చాలు మళ్ళీ 2018.

ఇంకోటి, మొన్న ఉరుములు మెరుపులతో వాన పడినప్పుడు కరెంటు పోతా వస్తా ఉన్నింది, అప్పట్నించి ఎడమ పక్క యూఎస్‌బీలో ప్రింటర్ పెడితే దొరకడం లేదు, ఫ్యాన్ కూడా ఊరికే గట్టిగా తిరగతా ఉంటాది. ఒక షాపులో చూపిస్తే బోర్డు పోయింది, ఎనిమిది తొమ్మిది వేలు అవుతాది అన్నారు. మా షాపుకొచ్చే ఇంజనీరింగ్ పిల్లోడు ఒకడు, బయోస్ రీసెట్ కొట్టన్నా అన్నీ సరిపోతాయి అన్నాడు. రీసెట్ అంటేనే నాకు గుబులు. ఫోన్ రీసెట్ చేస్తే అన్నీ పోతాయి కదా, ఇందులో జీఎస్టీ ఫైళ్ళు, కస్టమర్ల స్కాన్లు, ఇంట్లో పిల్లల ఫోటోలు అన్నీ ఉండాయి. చెయ్యొచ్చా? ఎట్టా చెయ్యాలి?

చెప్పడం మర్చిపోతా, బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, ఉబ్బతా ఉందని తీసి పక్కన పెట్టేసినా. డైరెక్టుగా చార్జర్ మీదే నడుస్తా ఉంది.


రేణిగుంట_రైడర్:

అన్నా సింపుల్. వెనక స్క్రూలు విప్పు, లోపల రూపాయి బిళ్ళంత సెల్ ఉంటాది, పీకి ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ పెట్టు. బయోస్ మొత్తం క్లియర్. దీనికి షాపులోళ్ళకి డబ్బులు ఎందుకు.


చిత్తూరు_సర్వీసోడు:

పైన తమ్ముడు చెప్పింది పాత డెస్క్‌టాప్‌లకి కరెక్టే, ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి సగమే కరెక్టు. కొంచెం ఓపిగ్గా చదువన్నా, నేను గ్రీమ్స్‌పేటలో సర్వీసు చేస్తా, ఇట్లాంటివి వారానికి ఒకటన్నా వస్తాది.

ముందు నీ భయం గురించి. నీ ఫైళ్ళు, విండోస్, ఫోటోలు అన్నీ ఉండేది హార్డ్ డిస్కులో. బయోస్ అంటే ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు లేచే చిన్న ప్రోగ్రాము, దాని సెట్టింగులు ఉండేది బోర్డు మీద వేరే చిప్పులో. ముందు ఏ డిస్కు నుంచి లేవాలి, ఆ డిస్కు ఏ మోడ్‌లో నడవాలి, నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చే సెక్యూర్ బూట్ ఉందా లేదా, ఏ పోర్టులు ఆన్‌లో ఉండాయి, ఇట్లాంటి సంగతులే అందులో ఉంటాయి. ఆ చిప్పులో ఉండేదంతా తుడిచినా డిస్కులో ఒక్క ఫైలు కూడా కదలదు. విండోస్ లోపల రీసెట్ దిస్ పీసీ అని ఒకటి ఉంటాది చూడు, ఫోన్ రీసెట్ లాంటిది అదీ, దాని జోలికి పోవద్దు. అయినా సరే పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ తీసిపెట్టుకో, బయోస్‌కి భయపడి కాదు, అంత పాత మిషన్‌లో డిస్కు ఎప్పుడు పోతాదో ఎవరికీ తెలీదు. ఇంకోటి, కస్టమర్ల ఆధార్ స్కాన్లు దాచిపెట్టుకోవద్దు, ప్రింట్ ఇచ్చినాక డిలీట్ కొట్టెయ్.

ఇప్పుడు నీ మూడు సమస్యలకీ కారణం ఒకటి కాదు. అన్నిటికీ కలిపి రీసెట్ అనేస్తా ఉండారు, అక్కడే తికమక.

టైమ్ సంగతి చూద్దాం. ల్యాప్‌టాప్ ఆఫ్‌లో ఉన్నా లోపల గడియారం తిరగతా ఉండాలి. మెయిన్ బ్యాటరీ ఉంటే దాని కరెంటుతోనే ఆ గడియారం నడుస్తాది, చిన్న సెల్ మీద బరువు పడదు. నువ్వు మెయిన్ బ్యాటరీ తీసేసినావు, రాత్రి మెయిన్ ఆపేసి పోతావు, అంటే రాత్రంతా గడియారానికి దిక్కు ఆ చిన్న సెల్ ఒక్కటే. అది అయిపోయింది. అందుకే 2018. నీ టైమ్ జబ్బుకి రీసెట్ మందే కాదు, సెల్ మార్చాలి అంతే. మల్టీమీటర్ ఉంటే చూడు, కొత్త సెల్ 3 వోల్టుల పైన చూపిస్తాది, 2.5కి కిందికి పోయిందంటే ఇంక పనికిరాదు.

ఎక్కువ మిషన్లలో ఉండేది సీఆర్2032, వాచీ షాపుల్లో కూడా దొరుకుతాది. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం, పేరులో 20, 32 అనేది అదే. కానీ ల్యాప్‌టాప్‌లలో రెండు రకాలు ఉంటాది. ఒకటి క్లిప్పులో ఊరికే పెట్టింది. ఇంకోటి సెల్‌కి ఎర్రతీగ నల్లతీగ అతికించి ప్లాస్టిక్ చుట్టి చిన్న పిన్నుతో బోర్డుకి పెట్టింది. రెండోది అయితే తీగలతో ఉండేదే కొనాలి, సెల్ మీద నువ్వే టంకం పెట్టబాకు, వేడికి పగలతాది. ఇంకో జాగ్రత్త, కొన్ని మోడళ్ళలో ఎంఎల్1220 లాంటి చార్జ్ అయ్యే సెల్ ఉంటాది, దాని చోట చార్జ్ కాని సీఆర్ రకం పెట్టకూడదు, బోర్డు దాన్ని చార్జ్ చేయబోతాది, లీకయ్యో పగిలో ప్రమాదం. పాత సెల్ మీద ఏం రాసి ఉందో అదే కొను. ఇంట్లో చిన్నపిల్లలుంటే తీసిన సెల్ టేబుల్ మీద వదలొద్దు, మింగితే రెండు గంటల్లోనే గొంతులోపల కాలిపోతాది, ఇది ఊరికే చెప్పే మాట కాదు.

యూఎస్‌బీ, ఫ్యాన్ సంగతి వేరే. కీబోర్డు, ఫ్యాన్, చార్జింగ్, పవర్ బటన్ ఇవన్నీ చూసుకునేదానికి బోర్డు మీద ఎంబెడెడ్ కంట్రోలర్ అని ఒక చిన్న చిప్పు ఉంటాది. కరెంటు టకటకా పోయి వచ్చినప్పుడు అదీ, దాని చుట్టుపక్కల ఉండేవీ తిక్క తిక్కగా ఇరుక్కుపోతాయి. దానికి మందు ఏమంటే ఉండే కరెంటు మొత్తం పిండేయడం. ఇట్టా చెయ్: షిఫ్ట్ పట్టుకుని షట్ డౌన్ నొక్కు. షిఫ్ట్ ఎందుకంటే విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ అని ఉంటాది, మామూలుగా షట్ డౌన్ చేస్తే పూర్తిగా ఆరిపోదు, సగం నిద్రలో ఉంటాది. ఆరినాక చార్జర్ పీకు, ప్రింటర్, మౌస్, పెన్‌డ్రైవ్ అన్నీ పీకు, బ్యాటరీ నీకు ఎట్టాగూ లేదు. పవర్ బటన్ అర నిమిషం పైనే నొక్కి పట్టుకో, వదిలేయ్, కొంచేపు ఆగి చార్జర్ ఒక్కటి పెట్టి ఆన్ చెయ్. విండోస్ వచ్చినాక ప్రింటర్ పెట్టి చూడు. దీంట్లో పోయేది ఏమీ లేదు, సెట్టింగులు కూడా పోవు, అందుకే ఎవరికైనా ముందు ఇదే చేయమంటా.

చదివే మిగతావాళ్ళ కోసం: బ్యాటరీ లోపలే బిగించి ఉండే మోడళ్ళలో చార్జర్ పీకి బటన్ నొక్కి పట్టుకుంటే చాలు. థింక్‌ప్యాడ్‌లలో కొన్నిటికి అడుగున పిన్ను దూరేంత చిన్న రంధ్రం ఉంటాది, చార్జర్ తీసి దాంట్లో పేపర్ క్లిప్పు గుచ్చితే ఇదే పని అవుతాది.

ఇంక నిజమైన బయోస్ డిఫాల్ట్స్, అంటే సెట్టింగులన్నీ కంపెనీ ఇచ్చినప్పటి లాగా మార్చేది, అదీ ఆఖర్న. ముందు పై రెండూ చేసి చూసి చెప్పు.


ఎస్వీయూ_హాస్టల్:

సర్వీస్ అన్న చెప్పింది కరెక్ట్, నేను డిఫాల్ట్స్ గురించి చెప్తా ఎందుకంటే మా హాస్టల్లో దీనివల్ల ఒక రాత్రంతా గోల అయింది.

సెల్ పీకితే సెట్టింగులు పోతాయి అనేది ఎప్పటి మాట అంటే, 1984లో ఐబీఎం పీసీ ఏటీ వచ్చినప్పుడు గడియారం చిప్పులోనే పిసరంత మెమరీ పెట్టి అందులో సెట్టింగులు దాచేవాళ్ళు, మొత్తం 64 బైట్లు, దానికి బ్యాటరీ కరెంటు ఉంటేనే గుర్తుంటుంది, పీకితే మర్చిపోతుంది. ఇప్పుడు పాత బయోస్ బదులు యూఈఎఫ్ఐ అనే కొత్త రకం వచ్చాక ఎక్కువ సెట్టింగులు ఫ్లాష్ చిప్పులో ఉంటున్నాయి, దానికి కరెంటు అవసరం లేదు. అందుకే ఇప్పుడు సెల్ పీకితే కొన్ని బోర్డుల్లో గడియారం మాత్రమే పోతుంది, కొన్ని బోర్డులు మాత్రం సెల్ పోయిందని తెలుసుకుని వాటంతట అవే డిఫాల్ట్‌కి వెళ్తాయి. నీది ఏ రకమో పీకితే గానీ తెలియదు.

సెట్టింగులే డిఫాల్ట్ చేయాలంటే స్క్రూ విప్పే పని లేదు. ఆన్ చేయగానే ఎఫ్2, చాలా కంపెనీలకి అదే. హెచ్‌పీ అయితే ఎఫ్10, థింక్‌ప్యాడ్ అయితే ఎఫ్1. లోపల లోడ్ డిఫాల్ట్స్ అని ఎక్కడో ఉంటుంది, చాలావాటిలో ఎఫ్9, సేవ్ చేసి బయటికి రావడానికి ఎఫ్10. అంతే, ఒక్క నిమిషం పని. గోలంతా ఆ తర్వాతే.

మా రూమ్మేట్ వైఫై రావట్లేదని ఎవరో చెప్తే డిఫాల్ట్స్ కొట్టాడు, మరుసటి రోజు ల్యాబ్ రికార్డు సబ్మిషన్, ఆన్ చేస్తే నీలం స్క్రీన్, ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్. వాడు డిస్కు పోయిందనుకుని ఇంటికి ఫోన్ చేసి ఏడుపు ఒక్కటే తక్కువ. జరిగింది ఏంటంటే వాడి విండోస్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు డిస్కు మోడ్ ఏహెచ్‌సీఐలో ఉంది, కంపెనీ డిఫాల్ట్ ఏమో రెయిడ్. డిఫాల్ట్స్ కొట్టగానే రెయిడ్‌కి మారిపోయింది, విండోస్‌కి ఆ మోడ్‌లో డిస్కుతో మాట్లాడే డ్రైవర్ మొదట్లోనే ఎక్కదు కాబట్టి పడిపోయింది. మళ్ళీ సెటప్‌లోకి వెళ్ళి ఏహెచ్‌సీఐ పెడితే లేచి కూర్చుంది, ఒక్క ఫైల్ పోలేదు. కొత్త ఇంటెల్ మిషన్లలో ఇదే తంతు వీఎండీ అనే పేరుతో ఉంటుంది. నువ్వు చెప్పినట్టు సెకండ్‌హ్యాండ్ మిషన్ అయితే ఇంకా జాగ్రత్త, అమ్మినవాడు విండోస్ ఎట్లా వేశాడో ఎవరికి తెలుసు, లెగసీ అనే పాత బయోస్ మోడ్‌లో వేసి ఉంటే డిఫాల్ట్ యూఈఎఫ్ఐకి మారగానే బూట్ డివైస్ లేదు అంటుంది.

కాబట్టి డిఫాల్ట్స్ కొట్టే ముందు సెటప్‌లో ఉండే ప్రతి పేజీ ఫోన్‌తో ఫోటో తీసుకో. ముఖ్యంగా డిస్కు మోడ్, బూట్ మోడ్, బూట్ ఆర్డర్, సెక్యూర్ బూట్. ప్రోగ్రామింగ్ చేసేవాళ్ళు అయితే వర్చువలైజేషన్ కూడా, కొన్నిటిలో డిఫాల్ట్‌గా ఆఫ్ ఉంటుంది, ఆ తర్వాత ఎమ్యులేటర్ లేవట్లేదని నా ప్రాణం తీసినవాళ్ళు ఉన్నారు. ఉబుంటు అనే లినక్స్, విండోస్ రెండూ ఉంచుకున్నవాళ్ళకి ఇంకో బాధ, బూట్ ఎంట్రీలు కూడా ఆ చిప్పులోనే ఉంటాయి, తుడిచేస్తే ఒక్కోసారి ఉబుంటు ఎంట్రీ మాయమై నేరుగా విండోస్ వచ్చేస్తుంది. ఉబుంటు డిస్కులో భద్రంగానే ఉంటుంది, ఎంట్రీ మళ్ళీ కలుపుకోవాలి అంతే.

టైమ్ విషయంలో ఒక చిట్కా. టైమ్ కరెక్టుగా ఐదున్నర గంటలు తేడా చూపిస్తే అది సెల్ కాదు. రెండూ ఉన్న మిషన్లలో లినక్స్ గడియారం చిప్పులో యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే లెక్కగా వాడే టైమ్ రాస్తుంది, విండోస్ మన టైమే రాస్తుంది, రెండూ ఒకదాని మీద ఒకటి దిద్దుకుంటూ ఉంటాయి. మన దేశం టైమ్ యూటీసీకి ఐదున్నర గంటలు ముందు కాబట్టి అదే తేడా వస్తుంది. అది చూసి సెల్ మార్చినవాడు మా బ్యాచ్‌లోనే ఉన్నాడు.


బస్టాండ్_జెరాక్స్:

అబ్బా ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, ఇద్దరికీ థాంక్స్. ఒక డౌటు. నెట్ కనెక్ట్ అయి ఉండాది కదా, ఫోన్‌లో అయితే టైమ్ దానంతట అదే సరిపోతాది, విండోస్ ఎందుకు సరిచేసుకోదు? ఆటోమేటిక్ అని ఆన్‌లోనే ఉండాది నేను చూసినా.


ఎస్వీయూ_హాస్టల్:

మంచి ప్రశ్న అన్నా. విండోస్ నెట్ నుంచి టైమ్ తెచ్చుకుంటుంది కానీ తేడా మరీ ఎక్కువ ఉంటే నమ్మదు. మామూలు ఇళ్ళలో వాడే విండోస్‌కి ఆ హద్దు 54,000 సెకన్లు, అంటే 15 గంటలు. పది నిమిషాలు తేడా ఉంటే దిద్దేస్తుంది, నీది ఏళ్ళ తేడా కాబట్టి ఇది ఏదో తప్పుడు సర్వర్ అయి ఉంటుందని ఊరుకుంటుంది. సైట్లు తెరవకపోవడం కూడా దానికి సంబంధించిందే. ప్రతి సైటు సర్టిఫికెట్‌కి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని ఉంటుంది, ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళవి అయితే 90 రోజులకి మించవు. నీ ల్యాప్‌టాప్ 2018లో ఉంటే దాని లెక్కలో ఈ సర్టిఫికెట్లు ఇంకా పుట్టనే లేదు, అందుకే ఎర్రగా చూపిస్తుంది. సైటు తప్పు కాదు, బ్రౌజర్ తప్పు కాదు. అలాగే పర్లేదు అని ముందుకి నొక్కి పోవద్దు, డబ్బులు కట్టే సైట్లలో ముఖ్యంగా.


పుత్తూరు_టీచర్:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా ఇంట్లో కొత్త ల్యాప్‌టాప్, విండోస్ 11. మా అబ్బాయి ఏదో గేమ్ కోసం బయోస్‌లోకి వెళ్ళి సెక్యూర్ బూట్ మార్చాడట. ఇప్పుడు ఆన్ చేస్తే నీలం తెర మీద బిట్‌లాకర్ రికవరీ కీ ఎంటర్ చేయమంటోంది, 48 అంకెలు అట. నేను బిట్‌లాకర్ ఎప్పుడూ పెట్టలేదండి, ఆ కీ ఏంటో కూడా తెలియదు. పదో తరగతి మార్కుల షీట్లు అందులోనే ఉన్నాయి. బయోస్ రీసెట్ చేస్తే పోతుందా ఆ తెర?


చిత్తూరు_సర్వీసోడు:

మేడమ్, కంగారు పడొద్దు, రీసెట్ కొట్టొద్దు, ఆ తెర మీద ఏదీ స్కిప్ చేసి విండోస్ మళ్ళీ వేసేయొద్దు.

బిట్‌లాకర్ అంటే విండోస్ డిస్కుకి వేసే తాళం, మీరు పెట్టకపోయినా అది ఉంటాది. కొత్త విండోస్ 11 మిషన్లలో మొదట మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అవగానే డిస్కు దానంతట అదే తాళం పడతాది. 2024లో వచ్చిన 24హెచ్2 అనే విండోస్ 11 వెర్షన్ నుంచి ఇది ఇంకా ఎక్కువ మిషన్లకి వస్తా ఉంది. ఆ తాళం చెవి టీపీఎం అనే చిప్పులో ఉంటాది. రోజూ ఆన్ చేసేటప్పుడు, నిన్న ఉండిన పరిస్థితే ఈరోజు కూడా ఉందా అని చూసుకుని మాట్లాడకుండా తెరుస్తాది. సెక్యూర్ బూట్ మారింది కాబట్టి ఇది అదే మిషనేనా అని అనుమానం వచ్చి అడగతా ఉంది.

ముందు బాబు చేత బయోస్‌లోకి పోయి వాడు మార్చింది ఏదో అదే మళ్ళీ ముందు లాగా పెట్టించండి. చాలాసార్లు అంతటితో అడగడం ఆపేస్తాది. డిఫాల్ట్స్ కొడితే ఇంకో నాలుగు మారిపోయి అనుమానం ఇంకా పెరగతాది, అందుకే వద్దన్నా. అప్పటికీ అడిగితే ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి లాగిన్ అవండి, డివైసెస్ అనే చోట ఆ ల్యాప్‌టాప్ కింద రికవరీ కీలు ఉంటాయి. నీలం తెర మీద కీ ఐడీ అని కొన్ని అక్షరాలు చూపిస్తాది, ఖాతాలో ఏ కీకి ఆ ఐడీ సరిపోతాదో ఆ 48 అంకెలు కొట్టండి. ల్యాప్‌టాప్ కొన్నప్పుడు సెటప్ చేసింది ఎవరు, ఎవరి మెయిల్‌తో చేసినారు అనేది గుర్తు చేసుకోండి, కీ ఆ ఖాతాలోనే ఉంటాది. కొన్న షాపులోళ్ళు వాళ్ళ మెయిల్‌తో చేసిచ్చిన కేసులు కూడా చూసినా నేను.

ఒక మాట కటువుగా చెప్తా. కీ దొరక్కపోతే లోపల ఉండేది ఎవరూ తీయలేరు. తీసిస్తాం, ఇంత ఇవ్వండి అని ఎవరన్నా అంటే నమ్మి డబ్బులు పెట్టొద్దు.

ఇదే జెరాక్స్ అన్నకీ, అందరికీ. విండోస్ 10 ప్రోలో కూడా బిట్‌లాకర్ ఉండొచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్ అని వెతికి చూడండి, ఆన్‌లో ఉంటే బయోస్ ముట్టుకునే ముందు సస్పెండ్ ప్రొటెక్షన్ కొట్టండి, కీ కాగితం మీద ప్రింట్ తీసుకోండి.


పుత్తూరు_టీచర్:

సర్, సెక్యూర్ బూట్ మళ్ళీ ఆన్ చేశాడు, నేరుగా తెరుచుకుంది! కీ కూడా దొరికింది, మా వారి మెయిల్‌లో ఉంది, ఆయనకే తెలియదు. ప్రింట్ తీసి బీరువాలో పెట్టాను. చాలా చాలా ధన్యవాదాలు.


చంద్రగిరి_మ్యాక్:

మ్యాక్ వాడేవాళ్ళు ఎవరన్నా ఇది చూస్తే వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మనకి బయోస్ స్క్రీన్ ఉండదు, దాని బదులు ఎన్‌వీరామ్ అని ఉంటుంది. సౌండ్ ఎంత, స్క్రీన్ రిజల్యూషన్, ఏ డిస్కు నుంచి లేవాలి, టైమ్ జోన్ ఇవి అందులో ఉంటాయి. ఇంటెల్ మ్యాక్ అయితే ఆన్ చేయగానే ఆప్షన్, కమాండ్, పీ, ఆర్ నాలుగూ కలిపి ఒక 20 సెకన్లు పట్టుకుంటే క్లియర్. ఫర్మ్‌వేర్ పాస్‌వర్డ్ పెట్టి ఉంటే పని చేయదు, అది తీసేసి చేయాలి. ఫ్యాన్, చార్జింగ్, కీబోర్డ్ లైటు తేడాలకి ఎన్‌వీరామ్ కాదు, ఎస్ఎంసీ రీసెట్ అని వేరే ఉంది, దాని కీలు టీ2 చిప్పు ఉన్నవాటికి ఒక రకం, లేనివాటికి ఒక రకం, ఆపిల్ పేజీలో మీ మోడల్ చూసి చేయండి.

ఎం1 నుంచి వచ్చిన మ్యాక్‌లకి, అంటే 2020 ఆఖర్నుంచి, ఈ రెండు రీసెట్లూ లేవు. ఆ నాలుగు కీలు ఎంతసేపు పట్టుకున్నా వేళ్ళు నొప్పి తప్ప ఏమీ రాదు. పూర్తిగా ఆఫ్ చేసి కొంచెం ఆగి ఆన్ చేయడమే. అయినా ఆపిల్ గ్రూపుల్లో ఏది పాడైనా, వైఫై స్లో అయినా, ఎన్‌వీరామ్ రీసెట్ చేయి అంటారు, పిల్లోడు అన్నం తినకపోతే దిష్టి తీసినట్టు. డిస్కు బదులు ప్రశ్న గుర్తు ఫోల్డర్ రావడం, సౌండ్, డిస్‌ప్లే, టైమ్ జోన్ ఇట్లాంటివి అయితేనే చేయండి.


బస్టాండ్_జెరాక్స్:

అప్‌డేట్. ముందు సర్వీస్ అన్న చెప్పినట్టు షిఫ్ట్ పట్టుకుని షట్ డౌన్ చేసి అన్నీ పీకి బటన్ నొక్కి పట్టుకున్నా. ఆన్ చేసి ప్రింటర్ పెడితే ఎడమ పక్క పోర్టులో టక్కున దొరికింది. అదే పోర్టు కోసం నన్ను బోర్డు మార్చమన్నారు.

సెల్ మా మిషన్‌లో అడుగున చిన్న మూత కిందనే ఉండాది, తీగ లేని రకం, సీఆర్2032 అనే రాసి ఉండాది. గాంధీ రోడ్డులో వాచీ షాపులో కొన్నా, వంద రూపాయలు కూడా కాలేదు. పెట్టి డేటు కొట్టి రాత్రి మెయిన్ ఆపి ఇంటికి పోయినా, పొద్దున చూస్తే టైమ్ నిమిషంతో సహా కరెక్టు, ఎఫ్1 కూడా అడగలేదు. సెటప్ పేజీలన్నీ ఫోటోలు తీసి పెట్టుకున్నా గానీ డిఫాల్ట్స్ జోలికి పోలేదు, పోవాల్సిన అవసరమే రాలేదు. బిట్‌లాకర్ చూసినా, ఆఫ్‌లో ఉంది.

ఫ్యాన్ మాత్రం అట్నే రొద పెడతా ఉంది. దానికి ఏమన్నా సెట్టింగ్ ఉందా అన్నా?


చిత్తూరు_సర్వీసోడు:

సంతోషం. ఫ్యాన్‌కి సెట్టింగ్ వెతకొద్దు, పిండేసినాక కూడా తిరగతా ఉందంటే అది నిజంగా వేడెక్కే తిరగతా ఉంది. మే నెలలో మన తిరుపతిలో గదే నలభై డిగ్రీల దగ్గర ఉంటాది, దానికి తోడు జెరాక్స్ షాపు, పేపర్ నుసి, టోనర్ పొడి అంతా గాలిలోనే ఉంటాది. ఫ్యాన్ పక్కన రాగి రేకుల దగ్గర దుమ్ము దుప్పటి లాగా పేరుకుని ఉంటాది. విప్పి బ్రష్షుతో తీయించు, పాత థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటాది, అదీ మార్పించు. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకోమను. ఇంకోటి, వీలుంటే ఒక చిన్న యూపీఎస్ పెట్టుకో, బ్యాటరీ లేని ల్యాప్‌టాప్ కరెంటు పోయిన ప్రతిసారీ ధడేల్‌మని ఆరిపోతా ఉంటే డిస్కుకి మంచిది కాదు. ఉబ్బిన బ్యాటరీ ఇంట్లో పెట్టుకోబాకు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇచ్చెయ్, చెత్తబుట్టలో వేయొద్దు.

డిఫాల్ట్స్ ఎప్పుడు కొట్టాలి అని మెసేజిలో ఇద్దరు అడిగినారు. ఎవరో లోపల ఏదో కెలికి ఏం మార్చినారో గుర్తులేనప్పుడు, బయోస్ అప్‌డేట్ అయినాక విచిత్రంగా ఆడతా ఉన్నప్పుడు, ఆన్ అవుతా ఆఫ్ అవుతా లోగో దాటనప్పుడు. స్లోగా ఉంది, వైఫై రాలేదు, సౌండ్ రాలేదు, వీటికి కాదు. హెచ్‌పీలో స్క్రీనే రాకపోతే విండోస్ కీ, వీ రెండూ పట్టుకుని పవర్ నొక్కే దారి ఉంది, చాలా మోడళ్ళలో పని చేస్తాది.


రేణిగుంట_రైడర్:

సర్వీసన్నా ఒక డౌట్. ఓఎల్ఎక్స్‌లో ఒక ల్యాప్‌టాప్ చూసినా, రేటు సగానికి సగం, కానీ ఆన్ చేస్తే బయోస్ పాస్‌వర్డ్ అడగతా ఉందంట. సెల్ పీకితే పాస్‌వర్డ్ పోతాది కదా, తీసుకోవచ్చా?


చిత్తూరు_సర్వీసోడు:

పోదు తమ్ముడు. పాత డెస్క్‌టాప్‌లలో పోయేది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో ఆ పాస్‌వర్డ్ కరెంటు లేకపోయినా నిలిచే చిప్పులో ఉంటాది, సెల్ నెల రోజులు పీకి పెట్టినా అట్నే ఉంటాది. కంపెనీ సర్వీస్ సెంటర్‌కి కొన్న బిల్లు, ఐడీ చూపిస్తే కొన్ని కంపెనీలు తీసిస్తాయి, కొన్ని బోర్డే మార్చాలంటాయి. అమ్మేవాడి దగ్గర బిల్లు ఉందా అడుగు. లేదన్నాడంటే అది ఏ ఆఫీసులోనో పోయిన మిషన్ అయి ఉండొచ్చు, రేపు పోలీసులు వస్తే నీ దగ్గరికే వస్తారు. బిల్లు ఉంటే, పాస్‌వర్డ్ తీయించి నా కళ్ళముందు ఆన్ చేసి చూపించు, అప్పుడు డబ్బులిస్తా అని చెప్పు.